25 మీటర్ల దూరంలో నంబరు ప్లేటు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం లారీల్లాంటి పెద్ద బండ్లకు ఇచ్చే హెవీ లైసెన్సు గురించీ, దానికి జత చేయాల్సిన డాక్టరు సర్టిఫికెట్ గురించీ ఉన్నాయి. ఈ పేజీ కొత్తగా చదివేవారికి నా గురించి ఒక మాట. చెన్నై నుంచి విశాఖ, భువనేశ్వర్, కోల్‌కతా దాకా 29 ఏళ్లు లారీ తోలాను. ఇప్పుడు మాధవరంలో ఒక డ్రైవింగ్ స్కూల్లో పెద్ద బండ్లు నేర్పుతున్నాను. నేను డాక్టర్నీ కాదు, వకీల్నీ కాదు. చదివి తెలుసుకున్నవీ, ప్రాణం మీదికి వచ్చాక తెలుసుకున్నవీ చెబుతాను.

ప్రశ్న: మా ఆయన వయసు 46. పదహారు చక్రాల ట్రైలర్ తోలుతారు. వచ్చే నెలతో లైసెన్సు గడువు అయిపోతుంది. రెన్యువల్‌కు డాక్టరు సర్టిఫికెట్ కావాలి. తెలిసిన బ్రోకరు ఒకడు "మనిషి రానక్కర్లేదు, ఫొటో ఇస్తే చాలు, సంతకం నేను చేయిస్తా" అన్నాడు. ఈయన సరేనన్నారు. నా భయం వేరు. ఏడాదిగా ఈయనకు రాత్రిపూట సరిగ్గా కనబడటం లేదు. ఎదుటి బండి లైట్లు పడితే కాసేపు ఏమీ తెలియడం లేదంటారు. కళ్లు చూపించుకుందాం పదండి అంటే, లైసెన్సు పోతే పిల్లల ఫీజులు నువ్వు కడతావా అని కోప్పడుతున్నారు. ఏం చెయ్యను?
— ఒక సోదరి, రెడ్‌హిల్స్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ ఆయన ఇప్పుడు ఉన్నచోట నేనూ ఒకప్పుడు ఉన్నాను. అప్పుడు నాకు 44. రెన్యువల్ కోసం ఒక చిన్న క్లినిక్కుకి వెళ్తే, అక్కడి డాక్టరు తల కూడా ఎత్తకుండా సంతకం పెట్టి స్టాంపు వేశాడు. నేను కుర్చీలో కూర్చోలేదు. వచ్చిన ఆటో బయటే ఆగి ఉంది, అదే ఆటోలో తిరిగి వచ్చేశాను. పని ఇంత సులువుగా అయిందని సంతోషపడ్డాను కూడా.

రెండు నెలలు తిరగలేదు. విశాఖ నుంచి ఇనుప కడ్డీల లోడుతో వస్తున్నాం. నాయుడుపేట దాటాం, సూళ్లూరుపేట ఇంకా రాలేదు. రాత్రి రెండు దాటింది. రోడ్డు పనులు జరుగుతున్నాయని రెండువైపుల బండ్లనూ ఒకే దారిలో వదిలారు. ఎదురుగా ఒక బస్సు ఫుల్ లైట్లతో వచ్చింది. అది పక్కనుంచి పోయాక నా కళ్ల ముందు నల్ల తెర తప్ప ఏమీ లేదు. మామూలుగా క్షణం రెండు క్షణాల్లో చూపు సర్దుకోవాలి. సర్దుకోలేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. అలా ఎన్ని సెకన్లు పోయానో తెలియదు. ముందు చక్రాల కింద ఏవో పటపటా విరిగాయి. వెంటనే క్యాబిన్లోకి పచ్చి వేపాకు వాసన కొట్టింది.

ఆ వాసనకు అర్థం ఏమిటో మీ ఆయన్ని అడగండి, చెబుతారు. బండి బ్రేక్‌డౌన్ అయితే వెనక వచ్చేవాళ్లకు తెలియాలని డ్రైవర్లు చెట్టుకొమ్మలు విరిచి రోడ్డు మీద పరుస్తారు, రాళ్లు పేరుస్తారు. ఆ కొమ్మలు నాకు కనబడలేదు. వాటి మీదికి ఎక్కేశాను. పక్కన కూర్చున్న క్లీనర్ కుర్రాడు "అన్నా, రైట్!" అని అరిచాడు. స్టీరింగ్ కుడికి కోశాను. ఆగి ఉన్న లారీ తొట్టి అంచు మా ఎడమ అద్దాన్ని చీల్చుకుంటూ పోయింది. గాజు ముక్క కుర్రాడి మోచేతి కింద దిగింది. తడలో ఐదు కుట్లు పడ్డాయి. ఆ లారీ వెనక చక్రం పక్కనే గోనెపట్టా పరుచుకుని దాని డ్రైవరు పడుకుని ఉన్నాడు. లేచి వచ్చి నన్ను ఒక్క మాట అనలేదు. తాగడానికి నీళ్లు ఇచ్చాడు. ఆ నీళ్ల సీసా పట్టుకుంటే నా చెయ్యి ఆగలేదు.

ఆ వారమే ఎగ్మూరు ప్రభుత్వ కంటి ఆసుపత్రికి వెళ్లాను. 1819లో మొదలైన ఆసుపత్రి అది. మా తాతను కూడా నెల్లూరు నుంచి బస్సులో అక్కడికే తీసుకొచ్చారు. కళ్లలో చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యాక చూశారు. రెండు కళ్లలోనూ శుక్లం. పగలు పెద్దగా తెలియదు, రాత్రి ఎదుటి లైటు పడినప్పుడే తెలుస్తుంది అన్నారు. పొగమంచు పట్టిన అద్దం మీద టార్చి వేస్తే వెలుగు ఎలా చెదిరిపోతుందో, మబ్బు పట్టిన కంటిలోనూ అలాగే చెదిరిపోతుందట. ఒక కంటికి ఆపరేషన్ చేసి, అది కుదుటపడ్డాక రెండో కంటికి చేశారు. మొత్తం రెండున్నర నెలలు బండి ఎక్కలేదు. ఆ రోజులు తేలిగ్గా గడిచాయని అబద్ధం చెప్పను. ఇల్లంతా మా ఆవిడ కుట్టుమిషన్ మీద నడిచింది. ఆ తర్వాత ఇంకో 11 ఏళ్లు తోలాను. కళ్లు చూపించుకుంటే లైసెన్సు పోతుందన్న భయం నాకూ ఉండేది. చూపించుకున్నాను కాబట్టే లైసెన్సు మిగిలింది, నేనూ మిగిలాను.

ఇక ఆ సర్టిఫికెట్ సంగతి. దాన్ని ఫారం 1ఎ అంటారు. అందులో డాక్టరు ఏమని సంతకం పెడతాడో చదివారా? ఈ మనిషిని నేను స్వయంగా పరీక్షించాను, దూరపు చూపునూ వినికిడినీ, చేతులూ కాళ్లూ కీళ్లనూ ప్రత్యేకంగా చూశాను అని ఉంటుంది. పగటి వెలుగులో 25 మీటర్ల దూరంలో ఉన్న కారు నంబరు ప్లేటు గుర్తుపట్టగలడా, రేచీకటి ఉందా, హారన్ శబ్దం వినగలడా అని విడివిడిగా అడుగుతుంది. ఇవన్నీ చూడకుండా సంతకం అమ్మేవాడు మీ ఇంటికి మేలు చేయడం లేదు. కళ్లద్దాలు పెట్టుకుని నంబరు చదివినా చెల్లుతుంది. అద్దాలు వస్తాయని భయపడనక్కర్లేదు.

ఇంటి దగ్గరే ఒక పని చేయండి. పగలు వీధిలో ఆగి ఉన్న కారు దగ్గర నుంచి మామూలు అంగలు 33 వేస్తే దాదాపు 25 మీటర్లు అవుతుంది. ఆయన్ని అక్కడ నిలబెట్టి, ముందు కుడికన్ను మూసి, తర్వాత ఎడమకన్ను మూసి ప్లేటు చదవమనండి. రెండు కళ్లూ కలిపి చదివితే బాగున్నదాని వెనక బాగాలేనిది దాక్కుంటుంది. ఇది చదివేశారు కదా అని ఊరుకోవద్దు. ఇది పగటి పరీక్ష. ఆయన ఇబ్బంది రాత్రిది. కంటి డాక్టరు చుక్కలు వేసి చూడాల్సిందే. ఆ రోజు చుక్కల ప్రభావం దిగేదాకా ఆయన స్టీరింగ్ పట్టకూడదు, మీరు తోడు వెళ్లండి. ప్రభుత్వ ఆసుపత్రిలో శుక్లం ఆపరేషన్‌కు డబ్బు తీసుకోరు.

గడువు గురించి మీ టెన్షన్‌కు ఇది జవాబు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత హెవీ లైసెన్సు ఒకసారి రెన్యువల్ చేస్తే 5 ఏళ్లు. గడువు తీరిన ఏడాది లోపల రెన్యువల్‌కు వెళ్తే మళ్లీ డ్రైవింగ్ టెస్టు ఉండదు. ఏడాది దాటితేనే టెస్టు. కాబట్టి ఆపరేషన్ అవసరమైతే నింపాదిగా చేయించుకుని, కళ్లు కుదుటపడ్డాక వెళ్లి రెన్యువల్ చేయించుకోవచ్చు. ఒక్క జాగ్రత్త. గడువు తీరాక 30 రోజులు చెల్లుతుందని పాత డ్రైవర్లు చెబుతారు. ఆ వెసులుబాటును అదే సవరణలో తీసేశారు. గడువు తీరిన మర్నాడు బండి ఎక్కినా అది లైసెన్సు లేకుండా తోలినట్టే. జరిమానా 5,000. ఆ రోజు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ బాధితులకు ఇచ్చిన డబ్బు ఓనరు దగ్గర వసూలు చేస్తుంది, ఓనరు మీ ఆయన మీద పడతాడు.

ఆయనతో గొడవపడకండి. ఈ పేజీ చింపి ఆయన చేతికివ్వండి. వేపాకు వాసన దగ్గర ఆయనే ఆగి చదువుతారు.

ప్రశ్న: నాకు 19. మాది నాయుడుపేట దగ్గర పల్లె. రెండేళ్లుగా మాధవరం లారీల మీద క్లీనర్‌ని. ఆరో తరగతితో చదువు మానేశాను. ఎనిమిది పాసు కాకపోతే హెవీ రాదంటున్నారు, నిజమేనా? రాత్రిళ్లు టోల్‌గేటు దాటాక మా అన్న స్టీరింగ్ నాకే ఇస్తాడు, బాగానే తోలుతున్నాను. లైసెన్సు ఎప్పుడు తీయొచ్చు?
— ఒక పాఠకుడు, మాధవరం

జవాబు: తమ్ముడూ, ఎనిమిదో తరగతి నిబంధన 2019లో తీసేశారు. నీ చదువు అడ్డం కాదు. వయసు అడ్డం. సరుకు బండి తోలాలంటే 20 నిండాలి. ఇంకొకటి, హెవీకి ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సు) ఇవ్వాలంటే అంతకుముందు కనీసం ఏడాది పాటు నీ చేతిలో లైట్ వెహికల్ లైసెన్సు ఉండాలి. చాలామంది కుర్రాళ్లు 20 నిండిన రోజున మా స్కూలుకు వచ్చి, కారు లైసెన్సు లేదని తెలిసి మళ్లీ ఏడాది పోగొట్టుకుంటారు. నువ్వు ఈ నెలలోనే కారు లైసెన్సు పనిలో దిగు.

తర్వాత డ్రైవింగ్ స్కూల్లో చేరాలి. శిక్షణ పూర్తయిందని స్కూలు ఇచ్చే ఫారం 5 లేకుండా హెవీ టెస్టుకు రానివ్వరు. పెద్ద బండి శిక్షణ 30 రోజులకు తగ్గకూడదు, అందులో స్టీరింగ్ మీద కూర్చునేది కనీసం 15 గంటలు. ఫీజు కట్టి నాలుగు రోజులు వచ్చి ఫారం ఇచ్చెయ్యమనేవాళ్లు ఉన్నారు. నేను ఇవ్వను. 2021 జులై నుంచి ప్రభుత్వ గుర్తింపు ఉన్న పెద్ద శిక్షణ కేంద్రాలకు వేరే నిబంధనలు వచ్చాయి. అక్కడ హెవీ కోర్సు 6 వారాల్లో 38 గంటలు. అందులో పాసైతే ఆర్టీవో దగ్గర మళ్లీ బండి తోలి చూపించక్కర్లేదు. గుమ్మిడిపూండిలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రోడ్ ట్రాన్స్‌పోర్ట్ (ఐఆర్‌టీ) వాళ్ల హెవీ డ్రైవింగ్ శిక్షణ ఉంది, అది కూడా కనుక్కో. నీకు దారిలోనే కదా.

నా దగ్గరికి వచ్చినవాళ్లకు మొదటి రెండు రోజులు బండి స్టార్ట్ చేయనివ్వను. చుట్టూ నడిపిస్తాను. టైర్ల మధ్య ఇరుక్కున్న రాయి తీయిస్తాను. ఎయిర్ ట్యాంకు కింద వాల్వు లాగి నీళ్లు వదలమంటాను. గేజీలో గాలి నిండేదాకా ముల్లు చూస్తూ కూర్చోమంటాను. గాలి లేకపోతే బ్రేకు లేదు. రెండేళ్ల క్లీనర్‌వి కాబట్టి ఇవన్నీ నీకు వచ్చు. కారు నుంచి నేరుగా వచ్చినవాడి కన్నా నువ్వు తొందరగా నేర్చుకుంటావు, అది నేను రాసిస్తాను.

కానీ రాత్రిళ్లు స్టీరింగ్ పట్టడం ఇవాళ్టితో ఆపు. నువ్వు బాగా తోలతావా లేదా అన్నది ఇక్కడ సంగతి కాదు. నీ వెనక 25 టన్నులు ఉన్నాయి. లైసెన్సు లేకుండా తోలినందుకు నీకు 5,000, ఇచ్చినందుకు ఓనరుకు 5,000. అది చిన్న విషయం. ఎవరికైనా తగిలితే నీ వయసులోనే కేసు నీ మెడకు చుట్టుకుంటుంది, తర్వాత లైసెన్సు అడగడానికి ముఖం ఉండదు. మీ అన్న నీకు స్టీరింగ్ ఇచ్చేది నీ మీద ప్రేమతో అనుకుంటున్నావు. నిద్ర ఆపుకోలేక ఇస్తున్నాడు. డ్రైవర్ల పని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని 1961లోనే చట్టం రాశారు. దూరపు రూట్లలో అనుమతి తీసుకున్నా 10 గంటలు దాటకూడదన్నారు. నేను తోలిన 29 ఏళ్లలో ఆ లెక్క పాటించిన ఓనరును ఇద్దర్నే చూశాను. అన్నకు నిద్రొస్తే డాబా దగ్గర ఆపించు. నువ్వు బయట కూర్చుని డీజిలు ట్యాంకు మూత, తార్పాలిన్ చూసుకో. ఆ రెండు గంటలు అతన్ని పడుకోనివ్వు.

కొత్తగా ఇంకో మాట విని ఉంటావు. కారు లైసెన్సుతోనే సరుకు బండి తోలొచ్చని. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది 7,500 కిలోల లోపు మొత్తం బరువు ఉండే బండ్ల గురించి. చిన్న టెంపోలకు అది వర్తిస్తుంది. నువ్వు ఎక్కే పెద్ద లారీకి కాదు. టెంపో అయినా 20 నిండాలి.

ప్రశ్న: నాకు ఎరుపు, ఆకుపచ్చ కొంచెం తికమక. లారీ లైసెన్సు ఆశ వదులుకోవాలా?
— ఒక పాఠకుడు, పెరంబూరు

జవాబు: వదులుకోవద్దు బాబూ. 2020 జూన్‌లో నిబంధన మార్చారు. తక్కువ, మధ్యస్థంగా ఉన్న వర్ణాంధత్వానికి లైసెన్సు ఇస్తారు, తీవ్రంగా ఉన్నవారికే ఇవ్వరు. నీది ఏ స్థాయో రంగు చుక్కల మధ్య అంకె చదివించే పుస్తకంతో కంటి డాక్టరు తేలుస్తాడు. ముందు అది తేల్చుకుని, ఆ తర్వాత స్కూలుకు ఫీజు కట్టు.

ప్రశ్న: వయసు 51. మణలి నుంచి ట్యాంకర్ తోలుతున్నాను. షుగర్ పన్నెండేళ్లుగా ఉంది. మాత్రలు చాలడం లేదు, ఇన్సులిన్ మొదలుపెట్టాలి అన్నారు డాక్టరు. ఇన్సులిన్ అంటే లైసెన్సు తీసేస్తారా? నాతో పనిచేసే కొత్త కుర్రాడి సందేహం కూడా అడుగుతున్నాను. ట్యాంకర్ ట్రైనింగుకు తెలుగు చదవడం, రాయడం వస్తే చాలదా?
— ఒక డ్రైవరు, తిరువొత్తియూరు

జవాబు: అన్నా, మన ఫారాల్లో షుగర్ అన్న మాటే లేదు. మీరు రాసి ఇచ్చే ఫారం 1లో మూర్ఛ ఉందా, హఠాత్తుగా స్పృహ తప్పడం, కళ్లు తిరగడం ఉన్నాయా అని అడుగుతారు. బండి తోలితే జనానికి అపాయం కలిగించే జబ్బు ఇంకేదైనా ఉందా అని అడుగుతారు. అంటే ఇన్సులిన్ తీసుకున్నందుకు లైసెన్సు పోదు. షుగర్ పడిపోయి స్పృహ తప్పడం మొదలైతే మాత్రం దాచకూడదు. జబ్బు మీద అనుమానం వస్తే కొత్తగా డాక్టరు సర్టిఫికెట్ తెమ్మని అడిగే అధికారం, లైసెన్సు రద్దు చేసే అధికారం ఆర్టీవోకు ఉన్నాయి.

షుగర్ పెరిగితే ఒళ్లు నెమ్మదిగా పాడవుతుంది. పడిపోతే నిమిషాల్లో మనిషి మనిషి కాడు. నా స్నేహితుడు ఒకడు ఎన్నూరు రోడ్డు మీద కంటైనర్ల క్యూలో మూడు గంటలు ఇరుక్కుపోయాడు. పొద్దున ఇంజెక్షన్ వేసుకున్నాడు, తిండి క్యూ దాటాక తిందామనుకున్నాడు. పలకరిస్తే నత్తిగా మాట్లాడాడు, చొక్కా చెమటతో తడిసి ఉంది. తాగి ఉన్నాడని వెనక బండివాడు కొట్టడానికి వచ్చాడు. నేను అతని నోట్లో చక్కెర పోసి నీళ్లు తాగించాను. మెల్లగా తేరుకున్నాడు. వాడి జేబులో ఆ రోజు బీడీలు ఉన్నాయి, ఒక బిస్కెట్ లేదు.

కాబట్టి ఇన్సులిన్ మొదలుపెట్టిన మొదటి రెండు మూడు వారాలు, డోసు సరిపడేదాకా, దూరపు ట్రిప్పులు ఒప్పుకోకండి. ఎక్కేముందు వేలు గుచ్చి చూసుకోండి. 70 లోపు ఉంటే బండి కదలకూడదు. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకు తాగి, 15 నిమిషాలు ఆగి మళ్లీ చూసుకోండి. సరైందని వెంటనే కీ తిప్పకండి, ముప్పావు గంటైనా ఆగండి, తల తేటపడాలి. గ్లూకోజు పొట్లం డాష్‌బోర్డు అరలో పెట్టొద్దు. చేతులు వణికేటప్పుడు ఆ అర తెరుచుకోదు. చొక్కా జేబులో పెట్టుకోండి. క్లీనర్‌కు మీ జబ్బు సంగతి చెప్పండి. పన్నెండేళ్ల షుగర్ అన్నారు కాబట్టి ఏడాదికోసారి కంటి లోపలి పొర చూపించుకోండి, అరికాళ్లు కూడా. పాదం మొద్దుబారితే బ్రేకు మీద ఎంత ఒత్తుతున్నారో మీకే తెలియదు.

కుర్రాడి సంగతి. ప్రమాదకర సరుకు తోలాలంటే హెవీ లైసెన్సుతో పాటు మూడు రోజుల ట్రైనింగు చేసి లైసెన్సు మీద రాయించుకోవాలి. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని ఒక భారతీయ భాష చదవడం, రాయడం రావాలి, దాంతో పాటు ఇంగ్లీషూ రావాలి. మన తెలుగు ఆ షెడ్యూల్లో ఉంది కాబట్టి భాష అతనికి ఉంది. ఇంగ్లీషు నేర్చుకోవాలి. అది ఊరికే పెట్టిన నిబంధన కాదు. ట్యాంకర్ మీద నారింజ రంగు పలకలో 1203 ఉంటే పెట్రోలు, 1202 ఉంటే డీజిలు, 1075 ఉంటే గ్యాసు. క్యాబిన్లో పెట్టే ఎమర్జెన్సీ కార్డు మీద ఏ మంటకు నీళ్లు కొట్టాలి, దేనికి కొట్టకూడదు అని రాసి ఉంటుంది. లీకైన రాత్రి అది చదివేది అతనే. మీ ఇద్దరికీ లోడింగు కోసం గంటలకొద్దీ ఎదురుచూపు ఉంటుంది కదా. రోజుకు పది మాటలు మీరే నేర్పండి. లైసెన్సు మీద రాయించుకునే ఆ ఎండార్స్‌మెంటు గడువు 3 ఏళ్లే, మామూలు హెవీలా 5 కాదు. తేదీ గుర్తుపెట్టుకోమనండి.

ప్రశ్న: మా అబ్బాయికి 22. ఇక్కడ కారు తోలుతున్నాడు. అమెరికాలో ట్రక్కు డ్రైవర్లు కావాలి, నెలకు మన డబ్బులో నాలుగు లక్షలు, వీసా నాలుగు నెలల్లో అని ఒక ఏజెంటు ఆరు లక్షలు అడుగుతున్నాడు. సగం ముందు ఇవ్వాలట. ఊళ్లో పొలం తాకట్టు పెడదామనుకుంటున్నాం. అక్కడి లైసెన్సుకు ఏమేం కావాలో మీకు తెలుసా?
— ఒక తండ్రి, ఆవడి

జవాబు: అయ్యా, ముందు పొలం కాగితాలు బీరువాలో పెట్టి తాళం వేయండి. తర్వాత ఇది చదవండి.

మా చెల్లెలి కొడుకు టెక్సాస్‌లో ట్రైలర్ తోలుతున్నాడు. వాడు గ్రీన్‌కార్డు వచ్చాక ఆ పనిలో చేరాడు. వాడిని అడిగి, కాగితాలు తెప్పించుకుని రాస్తున్నాను. అక్కడ పెద్ద బండి లైసెన్సును సీడీఎల్ అంటారు. ఇచ్చేది ఆయా రాష్ట్రం, కానీ ముఖ్యమైన నిబంధనలు దేశమంతటికీ ఒకటే. రాష్ట్రం దాటి తోలాలంటే 21 నిండాలి. మన ట్రైలర్ లాంటి బండికి అందులో క్లాస్ ఎ అనే రకం కావాలి. 2022 ఫిబ్రవరి 7 నుంచి, గుర్తింపు ఉన్న స్కూల్లో శిక్షణ పూర్తి చేస్తేనే టెస్టుకు రానిస్తారు. ఇక్కడి హెవీ లైసెన్సు చూపించి అక్కడ ట్రక్కు ఎక్కడం కుదరదు.

మెడికల్ సంగతి చదివినప్పుడు నాకు మన ఫారం గుర్తొచ్చి బాధేసింది. అక్కడ ఏ డాక్టరు పడితే ఆ డాక్టరు సంతకం పెట్టలేడు. ప్రత్యేకంగా పరీక్ష రాసి, జాతీయ జాబితాలో పేరున్నవారే చూడాలి. సర్టిఫికెట్ మహా అయితే రెండేళ్లు. బీపీ 140/90 లోపు ఉంటేనే ఆ రెండేళ్లు, అంతకు పైన ఉంటే గడువు తగ్గిస్తారు. 180/110 చేరితే తగ్గేదాకా ఇవ్వరు. మామూలుగా ఒక్కో కంటికీ చూపు మన లెక్కలో 6/12 ఉండాలి, అద్దాలతోనైనా సరే. ఐదడుగుల దూరం నుంచి గుసగుసగా చెప్పిన మాట వినబడాలి. ఇన్సులిన్ తీసుకునేవారు కూడా 2018 నుంచి తోలొచ్చు. అయితే కనీసం మూడు నెలల షుగర్ లెక్కలు చూసి వైద్యం చేసే డాక్టరు రాసివ్వాలి. వేలు గుచ్చుకున్న ప్రతి అంకె మీటర్లో ఉంటుంది కాబట్టి ఆ లెక్కను మార్చలేరు. మన దగ్గర కూడా బీపీ, షుగర్ చూడాలని, చూసే డాక్టర్ల జాబితా ఉండాలని ఈ పేజీలో ఎన్నోసార్లు అడిగాను, ఇంకా అడుగుతాను.

ఇంగ్లీషు చదవడం, మాట్లాడడం రావాలన్నది అక్కడ పాత నిబంధనే. 2025 జూన్ 25 నుంచి దాన్ని గట్టిగా అమలు చేస్తున్నారు. రోడ్డు మీద ఆపినప్పుడు మాట్లాడలేకపోతే డ్రైవర్ని అక్కడికక్కడే పని నుంచి దించేస్తారు.

ఇక అసలు విషయం. ట్రక్కు డ్రైవర్లకు పని వీసాలు ఇవ్వడం వెంటనే నిలిపేస్తున్నామని అమెరికా విదేశాంగ మంత్రి మార్కో రూబియో 2025 ఆగస్టు 21న ప్రకటించారు. ఆ ప్రకటన వచ్చాక కూడా నాలుగు నెలల్లో వీసా అని చెప్పే మనిషి మీకు ఏం అమ్ముతున్నాడో ఆలోచించండి.

విదేశాల్లో ఉద్యోగానికి మనుషుల్ని పంపే ఏజెంటుకు భారత ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలి. ప్రభుత్వం వారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో ఆ పేరు ఉందో లేదో చూడొచ్చు. రిజిస్టర్ అయిన ఏజెంటు కూడా సర్వీసు కింద 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి. ఆరు లక్షలన్నది ఏ లెక్కలోనూ లేదు. విదేశాలకు పనికి వెళ్లేవారి బాగోగులు చూసే ప్రభుత్వ అధికారి, ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం చెన్నైలోనే ఉంది, అబ్బాయిని తీసుకుని మీరే వెళ్లి అడగండి.

అబ్బాయికి నిజంగా స్టీరింగ్ మీద ఆశ ఉంటే, కారు లైసెన్సు ఏడాది దాటి ఉంటే, రేపే హెవీకి ఎల్‌ఎల్‌ఆర్ తీయించండి. దానికి పొలం తాకట్టు పెట్టే అవసరం రాదు. ఈలోపు ఏజెంటు మళ్లీ ఫోన్ చేస్తే, రిజిస్ట్రేషన్ నంబరు కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇమ్మనండి. రేపు ఎల్లుండి అన్నాడంటే ఇక ఆ ఫోన్ ఎత్తకండి.